తృటిలో తప్పిన ప్రమాదాల గురించి ఎవరూ చెప్పట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: సార్, నేను కన్‌స్ట్రక్షన్ కంపెనీలో సైట్ ఇంజినీర్‌ని. హెల్మెట్లు, బెల్టులు అన్నీ ఇచ్చాం, రోజూ పొద్దున టూల్‌బాక్స్ టాక్ (పని మొదలయ్యే ముందు భద్రత గురించి చిన్న మీటింగ్) కూడా పెడుతున్నాం, అయినా పైనుంచి ఏదైనా జారిపడి తృటిలో తప్పితే ఎవరూ రిపోర్ట్ చేయరు. వీళ్ల అలవాటు మార్చడం ఎలా?

జవాబు: ముందు ఒకటి చెప్పండి, పోయినసారి ఎవరైనా వచ్చి చెప్తే వాళ్లకేమైంది? ఫైన్ వేశారా, అందరి ముందు తిట్టారా? కొన్ని సైట్లలో నెలంతా యాక్సిడెంట్ లేకపోతే బోనస్ అంటారు, దాంతో దెబ్బలు తగ్గవు, చెప్పడం తగ్గుతుంది, వేలు తెగినా గుడ్డ కట్టుకుని పని చేసేస్తారు. మీ దగ్గర అలాంటిది ఉంటే ముందు తీసేయించండి. చెప్పినోళ్లకి థాంక్స్ చెప్పి, వెంటనే సరిచేసి, మర్నాడు టాక్‌లో "ఫలానా చోట టో బోర్డు (వస్తువులు కిందికి జారకుండా అంచున పెట్టే పలక) లేదన్నారు, పెట్టేశాం" అని చూపించండి, నమ్మకం అక్కడే మొదలవుతుంది.

ఇంకోటి, హెల్మెట్, బెల్టు అనేవి చివరి రక్షణ అండీ. అంచున గార్డ్ రెయిల్ (మనిషి పడకుండా అడ్డు కడ్డీలు) కట్టడం, ఎత్తులో చేసే పని కిందే చేసి పైకెత్తడం అంతకన్నా ముందు రావాలి. ట్రెంచ్ (తవ్విన పొడవాటి గొయ్యి) సంగతే చూడండి, ఒక క్యూబిక్ మీటర్ మట్టి ఇంచుమించు టన్నున్నర ఉంటుంది, అది మీద కూలితే హెల్మెట్ ఏం ఆపుతుంది? షోరింగ్ (గోడలు కూలకుండా పెట్టే ఆసరా) లేకుండా లోతు ట్రెంచ్‌లోకి మనిషిని దించకూడదు, అంతే.

స్లాబ్ డేట్ దగ్గరపడ్డాక ప్రమాదం ఉందని ఫోర్‌మన్ పని ఆపేస్తే మీ ప్రాజెక్ట్ మేనేజర్ అతని వెనక నిలబడతారా? ఒక్కసారి నిలబడి చూపించమనండి, సబ్‌కాంట్రాక్టర్ మనుషులు ఆపినా సరే.