ముందు బంతి, బస్సు, భోజనం... షామియానా తర్వాత చూద్దాం

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు: సర్కారు హైస్కూళ్లలో ఆటల పోటీలకు డబ్బు లేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాను. ఇరవై ఆరేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా (పీఈటీగా) పనిచేశాను. కాగితం మీద ఉన్నదీ చెబుతాను, గ్రౌండులో పనికొచ్చిందీ చెబుతాను.

ప్రశ్న: సార్, మా మండలం స్కూల్ గేమ్స్ ఈసారి మా హైస్కూల్లో పెట్టమన్నారు. పదిహేడు స్కూళ్లు వస్తాయి. చేతిలో పైసా లేదు. హెచ్‌ఎం గారిని అడిగితే "ఎలాగోలా చూసుకోండి మాస్టారూ" అన్నారు. పోయినసారి అలాగే చూసుకుంటే నా జీతంలోంచి పద్నాలుగు వేలు పోయాయి, ఇంట్లో గొడవ. తోటి పీఈటీలేమో పిల్లకి యాభై చొప్పున వసూలు చేయమంటున్నారు. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పీఈటీ, పల్నాడు జిల్లా

జవాబు: మాస్టారూ, జీతంలోంచి పెట్టకండి. పిల్లల దగ్గర వసూలూ వద్దు. యాభై రూపాయలేగా అనిపిస్తుంది గానీ, ఆ యాభై తేలేని పిల్లాడు ఆ మాట మనతో చెప్పడు, "నాకు ఆడాలని లేదు సార్" అంటాడు. నేను అలా ఒకణ్ణి పోగొట్టుకున్నాను. ఎనిమిదో తరగతి, సన్నగా ఉండేవాడు, కబడ్డీలో కూతకి వెళ్తే కాలు దొరికేది కాదు. ఆ ఏడాది ఎంట్రీకి తలా ఇంత అని నేనే అడిగాను. వాడు జ్వరమని రాలేదు. అసలు సంగతి వాడు పదో తరగతి అయిపోయి వెళ్లాక వాళ్లమ్మ చెబితే తెలిసింది. ఇప్పటికీ నాకు బాధే.

ఇక ఖర్చు. నేను మొదటిసారి మండల పోటీలు పెట్టినప్పటి లెక్కల పుస్తకం నా దగ్గర ఇంకా ఉంది. షామియానా, కుర్చీలు, మైకు, ఫ్లెక్సీలు, శాలువాలు, మెమెంటోలు, అతిథులకు టిఫిన్లు, ఇవన్నీ కలిపితే మొత్తంలో సగం దాటింది. బంతులు, సున్నం, పిల్లలకి మంచినీళ్లు, వీటికి పెట్టింది నాలుగో వంతు కూడా లేదు. మీరూ పోయినేటి కాగితాలు తీసి ఇలా రెండు వరసలుగా రాసి చూడండి, ఎక్కడ కోయాలో దానంతట అదే కనిపిస్తుంది. ప్రారంభోత్సవం పొద్దున్నే చెట్టు కింద పది నిమిషాల్లో అయిపోవాలి. మైకు బడిదే సరిపోతుంది. ఫ్లెక్సీ మీద ఏడాది, తేదీ వేయించకుండా ఒక్కటి కొట్టిస్తే నాలుగేళ్లు వస్తుంది. షామియానా తప్పదనుకుంటే అది అతిథుల కోసం కాదు, ఆట అయ్యాక పిల్లలు కూర్చునే చోట వేయండి. శాలువా కప్పలేదని ఏ పెద్దమనిషైనా నొచ్చుకుంటే ఆయన చేత గెలిచిన జట్టు మెడలో పతకాలు వేయించండి, సంతోషంగా వెళతారు.

పోటీలన్నీ ఒక్క బడిలో, ఒక్క రోజులో పెట్టాలని కూడా లేదు. కబడ్డీ మీ దగ్గర, వాలీబాల్ పక్క ఊళ్లో, ఖోఖో ఇంకోచోట, అండర్ 14 ఒక రోజు, అండర్ 17 ఇంకో రోజు అని మండలంలో పీఈటీలంతా కూర్చుని పంచుకుంటే బరువు ఒక్కరి నెత్తిన పడదు. అన్నిటికన్నా ముఖ్యం, పోటీలు బడి నడిచే రోజే పెట్టండి. ఆదివారం పెట్టారంటే మధ్యాహ్న భోజనం ఉండదు, మూడొందల మందికి అన్నం ఖర్చు మీ మీదే. పనిదినమైతే ఏ బడి నుంచి ఎంతమంది వస్తున్నారో ఆ లెక్కతో పది రోజుల ముందే మండల విద్యాధికారి (ఎంఈఓ) గారికి ఉత్తరం పెట్టి, ఆ పిల్లల భోజనం ఆ రోజు మీ బడిలో వండేలా అనుమతి తీసుకోండి. వంట చేసే అక్కలకి ఒక మనిషినో ఇద్దరినో సాయం ఇవ్వండి, వాళ్లని చివరి నిమిషంలో ఇరికించొద్దు.

సంక్రాంతికి మీ ఊళ్లో కబడ్డీ, వాలీబాల్ టోర్నమెంట్లు పెట్టే కుర్రాళ్లు ఉంటారుగా, వాళ్ల దగ్గర నెట్టు, పోళ్లు, లైన్లు గీసే సరంజామా అన్నీ ఉంటాయి. వాళ్లకి కోర్టు వేయడం వచ్చు (మగవాళ్ల కబడ్డీ కోర్టు 13 మీటర్లకి 10, ఆడవాళ్లది 12కి 8, చిన్నవాళ్లకి ఇంకా తగ్గుతుంది, మీకు తెలిసిందే), దాతల్ని అడగడమూ వచ్చు. ఒక సాయంత్రం వెళ్లి పిలవండి. అడిగేటప్పుడు "ఎంతో కొంత ఇవ్వండి" అనకండి, అలా అంటే ఐదొందలు చేతిలో పెట్టి పంపిస్తారు. "రెండో రోజు మజ్జిగ మీది", "మంచినీళ్ల టిన్నులు మీవి", "అరటిపళ్లు నాలుగు గెలలు మీవి" అని ఒక్కొక్కరికి ఒక్కో వస్తువు చెప్పండి. ఊళ్లో మనిషికి డబ్బివ్వడం కన్నా పిల్లలకి పెట్టడం ఇష్టం. ఎవరు ఏమిచ్చారో గేటు దగ్గర నల్లబల్ల మీద రాయండి. డబ్బుగా వచ్చింది మాత్రం మీ జేబులో పెట్టుకోకుండా బడి కమిటీ ఖాతాలో వేసి రసీదు ఇవ్వండి, రేపు మీ మీద మాట రాకుండా ఉంటుంది.

ఒక్కచోట మాత్రం పీనాసితనం వద్దు. పీహెచ్‌సీకి ముందే లెటర్ పెట్టి ఏఎన్‌ఎం గారిని పిలిపించండి, ఐసు పెట్టె, కట్లు గ్రౌండులోనే ఉండాలి. కోర్టులో రాళ్లు ఏరించకుండా కబడ్డీ మొదలుపెట్టొద్దు.

ప్రశ్న: నమస్తే సార్. మా పాప తొమ్మిదో తరగతి, ఖోఖోల జిల్లా జట్టుకు సెలెక్ట్ అయింది, స్టేట్ ఆడటానికి పోవాలంట. చార్జీలు, డ్రెస్సు, బూట్లు మీరే చూసుకోవాలన్నరు. మేం కూలికి పోయేటోళ్లం. ఆయన వద్దంటున్నడు, పాప ఏడుస్తున్నది. ఏం చేయాలె?
– ఒక తల్లి, కరీంనగర్ జిల్లా

జవాబు: అమ్మా, పాపని పంపండి. ముందు బస్సు సంగతి. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడపిల్లలకి, ఆడవాళ్లకి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఖర్చు లేదు. ఆంధ్రలో కూడా 2025 ఆగస్టు 15 నుంచి ఇలాంటిదే వచ్చింది. పోటీలు రాష్ట్రంలోనే కాబట్టి పాప ఆధార్ కార్డు వెంట ఉంటే చాలు, సూపర్ లగ్జరీ లాంటివి ఎక్కకుండా చూసుకోవాలి. జట్టుతో వెళ్లే టీచర్ మహిళ అయితే ఆమెకీ ఖర్చుండదు. ఆడపిల్లల జట్టుతో ఒక మహిళా టీచర్ ఉండి తీరాలని మీరు గట్టిగా అడగండి, వద్దంటున్న ఆయన భయం కూడా సగం దానివల్లే అయ్యుంటుంది. ఆ టీచర్ ఫోన్ నంబర్ తీసుకోండి, ఎక్కడ పడుకుంటారో, బాత్రూమ్‌లు ఉన్నాయో లేదో అడగండి. మొహమాటపడొద్దు, ఇవి తల్లి అడగాల్సిన మాటలే.

డ్రెస్సు, బూట్లకి బడి హెచ్‌ఎం దగ్గరికి, సర్పంచ్ దగ్గరికి మీరు ఒంటరిగా కాకుండా పాప క్లాసు టీచర్‌ని తీసుకుని వెళ్లండి. జిల్లా జట్టు జెర్సీ ఎవరు ఇస్తున్నారో, ఇవ్వకపోతే ఎందుకివ్వడం లేదో పీఈటీ సార్‌ని అడిగితే ఆయనే పై వాళ్లని అడుగుతారు. కొత్త జెర్సీ దొరక్కపోతే పోయినేడాది ఆడిన అక్కల జెర్సీ వేసుకున్నా ఆట ఆగదు.

మీ ఇంటాయనకి ఒక సంగతి చెప్పండి. వరంగల్ జిల్లా కల్లెడలో కూలి చేసుకునే ఇంట్లో పుట్టిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 (మేధోవైకల్యం ఉన్నవాళ్ల) విభాగంలో కాంస్యం తెచ్చింది. చిన్నప్పుడు ఆ అమ్మాయిని ఊళ్లో వాళ్లు వెక్కిరించేవాళ్లు. పరుగు ఉందని ముందు కనిపెట్టింది బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడే. అదే కల్లెడ నుంచి విలుకత్తె ప్రణీత వర్ధినేని 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కి వెళ్లింది. మీ పాప అంత దూరం వెళ్తుందో లేదో ఎవరం చెప్పలేం, స్టేట్‌కి మాత్రం తన ఆటతో తనే వెళ్తోంది.

ప్రశ్న: మా హైస్కూల్‌కి సమగ్ర శిక్ష కింద ఆటల గ్రాంటు వచ్చింది. ఏం కొంటే బాగుంటుంది? పోటీల ఖర్చుకి వాడొచ్చా?
– ప్రధానోపాధ్యాయురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మేడమ్ గారూ, హైస్కూళ్లకి ఆ గ్రాంటు ఏడాదికి 25 వేల దాకా, ప్రాథమికోన్నత బడికి 10 వేలు, ప్రాథమిక బడికి 5 వేలు. అది ఆట సామగ్రి కోసం ఇచ్చేది, మండల పోటీల టిఫిన్లకి పెడితే యూసీ (ఖర్చు వినియోగ పత్రం) రాసేటప్పుడు మీకే ఇబ్బంది. కొన్నవన్నీ బిల్లుతో సహా స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించండి.

ఏం కొనాలన్నది మీ పిల్లలు ఏం ఆడుతున్నారో చూసి తేల్చుకోండి. క్యారమ్ బోర్డులు, చెస్ సెట్లు అట్టపెట్టెల్లో అందంగా వస్తాయి, బీరువాలో అంతకన్నా అందంగా ఉండిపోతాయి. ఆ డబ్బుతో మంచి వాలీబాళ్లు నాలుగు, ఒక నెట్టు, టేపు, విజిళ్లు, స్టాప్‌వాచ్, స్కిప్పింగ్ తాళ్లు తీసుకోండి. ఖోఖోకి సరుగుడు కర్రలు రెండు నున్నగా చెక్కించి పాతితే చాలు, 24 మీటర్ల దూరం, నేల మీద 1.20 మీటర్ల ఎత్తు. కబడ్డీకి అసలు కొనాల్సిందే లేదు, మెత్తటి మట్టి ఉంటే చాలు. లాంగ్‌జంప్ గోతిలో ఇసుక మార్చడానికి ట్రాక్టర్ ఎవరిదో ఊళ్లో అడిగితే దొరుకుతుంది. మా బడిలో బంతి కుట్టు ఊడితే బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన మైనపు దారంతో బ్లాడర్‌కి సూది తగలకుండా కుట్టి ఇచ్చేవాడు. అలా ఒక బంతి మూడేళ్లు ఆడాం, కుట్ల మీద కుట్లు పడి చేతికి గరుగ్గా తగిలేది, పిల్లలు దాన్నే ముందు తీసుకునేవాళ్లు.

విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూల్‌లోనే బడికి ఆటస్థలం, ఆట సామగ్రి ఉండాలని రాసి ఉంది. మీ మండల సమావేశంలో ఆ కాగితం చేతిలో పెట్టుకుని మాట్లాడండి. బీరువా తాళం మాత్రం ఆఫీసులో కాకుండా పిల్లల్లో ఒక లీడర్ దగ్గర ఉంచండి. ఒక బంతి పోతే పోతుంది.

ప్రశ్న: మేం 1999 పదో తరగతి బ్యాచ్. నేను డాలస్‌లో ఉంటాను. ఈ సంక్రాంతికి గెట్ టుగెదర్ పెట్టుకుని స్కూల్‌కి రెండు లక్షలతో ముఖద్వారం కట్టిద్దామనుకుంటున్నాం. ఆటలకేమైనా చేయమంటారా?

జవాబు: చేయమంటాను. ముఖద్వారం వద్దు బాబూ. రెండు లక్షలంటే ఏటా ఇరవై వేల చొప్పున పదేళ్లు. మగపిల్లల జట్లకి బస్సు చార్జీలు, జిల్లాకి వెళ్లిన ప్రతిసారీ పిల్లలకి రెండు పూటలా భోజనం, ఆడపిల్లలకి బూట్లు, ఇవన్నీ పదేళ్లపాటు మీ బ్యాచ్ పేరు మీద నడుస్తాయి. ఊళ్లో ఉన్న మీ బ్యాచ్ వాళ్లు ముగ్గురు, హెచ్‌ఎం, పీఈటీ కలిసి లెక్క చూసుకోవాలి, ఏడాదికోసారి గ్రూపులో పెట్టాలి.

ఒక జాగ్రత్త. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లది మాత్రం వస్తుంది, ఓసీఐ (విదేశాల్లోని భారత సంతతివాళ్లకి ఇచ్చే) కార్డు ఉన్నా సరే. అలాంటివాళ్లు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ ద్వారానే ఇవ్వాలి, స్నేహితుడి ఖాతాలో వేసి పని కానిచ్చేద్దామనుకోవద్దు. ఇంకోటి, ఊళ్లో రైస్ మిల్లు వాళ్లని సీఎస్‌ఆర్ (కంపెనీలు సామాజిక పనులకి పెట్టాల్సిన డబ్బు) అడుగుదామని మీలో ఎవరో రాశారు. ఆ నిబంధన ఏడాదికి ఐదు కోట్ల లాభమో, వెయ్యి కోట్ల టర్నోవరో, అప్పులు పోను ఐదొందల కోట్ల ఆస్తో ఉన్న కంపెనీలకి. మిల్లు ఆయన్ని ఆ పేరుతో కాకుండా మన బడిలో చదువుకున్నవాడిగా అడగండి.

ప్రశ్న: సార్, నేను తొమ్మిదో తరగతి. మా స్కూల్లో పీఈటీ లేరు, అందుకని మమ్మల్ని మండలం పోటీలకి పంపరంట. మేం పన్నెండు మంది అమ్మాయిలం రెడీగా ఉన్నాం.
– ఒక విద్యార్థిని, నంద్యాల జిల్లా

జవాబు: తల్లీ, పీఈటీ లేకపోతే జట్టు రాకూడదని లేదు. లెక్కల టీచరో తెలుగు టీచరో ఒక మేడమ్ మీతో రావడానికి ఒప్పుకుంటే చాలు. ఎంట్రీ ఫారం మీద హెచ్‌ఎం సంతకం, ఒక్కొక్కరి పుట్టిన తేదీతో బడి ఇచ్చే ధ్రువపత్రం కావాలి. తేదీలు ఎంఈఓ ఆఫీసులో కనుక్కోమని మేడమ్‌ని అడుగు, అవి ఒక్కోసారి రెండు రోజుల ముందే చెబుతారు. ఈ ఉత్తరం హెచ్‌ఎం గారికి చూపించు. మీరు ఏ ఆటకి తయారయ్యారో రాయలేదు. కబడ్డీయా, ఖోఖోనా? రాస్తే కోర్టు కొలతలు, సాయంత్రం గంటసేపు ఏమేం చేయాలో నీకు విడిగా ఉత్తరం వేస్తాను.