కాలేజీ హాకీ ప్రేమ నవలల్లో ఆలస్యం నాకెందుకు నచ్చుతుందంటే

మీరడిగినవి రెండు. ఐస్ హాకీ ఎన్నడూ చూడని మనకు ఈ కాలేజీ హాకీ ప్రేమ నవలలు అర్థమవుతాయా? సగం పుస్తకం దాకా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోని కథ విసుగు పుట్టించదా?

మొదటిదానికి జవాబు చిన్నదే. అర్థమవుతాయి. మన హాకీలో జట్టుకు 11 మంది, ఐస్ మీద గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు. బంతి బదులు పక్ అనే గట్టి రబ్బరు బిళ్ల. ఒక్కోటి 20 నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు. చిన్న తప్పు చేస్తే రెండు నిమిషాలు పెనాల్టీ బాక్సులో కూర్చోవాలి. ఇంత తెలిస్తే చాలు, మిగతాది చదువుతుంటే అదే తెలిసిపోతుంది.

రెండో దాని గురించి ఎంతసేపైనా మాట్లాడగలను. మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ హాకీ జట్టులో లెఫ్ట్ హాఫ్ ఆడేదాన్ని. ఇప్పుడు ఉద్యోగం కోసం హైదరాబాద్ పోయివచ్చే బస్సులో ఫోన్‌లో ఈ నవలలే చదువుతాను. చదివిన కొద్దీ గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది: మంచి స్లో బర్న్ నవలలో, అంటే ప్రేమ నిదానంగా రాజుకునే కథలో, ఆలస్యానికి కారణం ఆటలోంచి, ఆ ఇద్దరి బతుకులోంచి రావాలి. రచయిత కావాలని సాగదీస్తుంటే బస్సు షాద్‌నగర్ దాటకముందే తెలిసిపోతుంది.

అమెరికా కాలేజీ హాకీలో అలాంటి కారణాలకు కొదవ లేదు. సీజన్ అక్టోబరులో మొదలై, ఏప్రిల్‌లో ఫ్రోజెన్ ఫోర్ అనే చివరి పోటీలతో ముగుస్తుంది. మ్యాచ్‌లు ఎక్కువగా శుక్ర, శనివారాల్లో. తోటి పిల్లలంతా సరదాగా తిరిగే రాత్రుల్లో హీరో ఐస్ హాకీ ఆడే రింకులోనో, వేరే ఊరికి పోయే టీమ్ బస్సులోనో ఉంటాడు. ఇద్దరికీ మిగిలేది ఆదివారం. ఆ రోజు అతనికి ఒళ్లంతా నొప్పులు, తెల్లారితే క్లాసులు.

దానికి తోడు డ్రాఫ్ట్, అంటే ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి. ఎన్‌హెచ్‌ఎల్ అనే అక్కడి పెద్ద ప్రొఫెషనల్ హాకీ లీగ్ జట్లు 18 ఏళ్ల కుర్రాణ్ని ఎంపిక చేసుకుని, అతను కాలేజీలో ఆడుతుండగానే హక్కులు తమ దగ్గర పెట్టుకోవచ్చు. సీజన్ ముగియగానే సంతకం పెట్టి, డిగ్రీ పూర్తి కాకముందే వెళ్లిపోయేవాళ్లూ ఉంటారు. అమ్మాయికి ఇది ముందే తెలుసు. ఏప్రిల్ తర్వాత ఉంటాడో పోతాడో తెలియని మనిషి మీద మనసు పెట్టుకోవాలా వద్దా అని ఆమె తేల్చుకోవడానికి మూడు వందల పేజీలు పట్టినా నాకు ఎక్కువనిపించదు.

ఆటలోనూ ఎడబాటే. ఐస్ మీద ఒక ఆటగాడు ఒక విడతకు ఉండేది సుమారు 45 సెకన్లు. తర్వాత బెంచీ మీదికి, మళ్లీ లోపలికి. గ్యాలరీలో ఉన్న అమ్మాయికి అతను అలా ముక్కలు ముక్కలుగానే కనిపిస్తాడు.

నేను చదివిన ఒకదాంట్లో హీరో మ్యాచ్‌కు ముందు తన స్టిక్‌కు టేపు తానే చుట్టుకుంటాడు, ఎవర్నీ ముట్టనివ్వడు. సగం పుస్తకం అయ్యాక బొటనవేలికి దెబ్బ తగులుతుంది. ఏమీ అనకుండా స్టిక్‌నూ టేపు చుట్టనూ ఆమెకు అందిస్తాడు. ఇన్నాళ్లూ దూరం నుంచి చూసినట్టే, స్టిక్ మడమ దగ్గర, అంటే కింద వంగే చోట మొదలుపెట్టి ముడత పడకుండా ఆమె చుట్టుకుంటూ పోతుంది. ఆ పుస్తకంలో ముద్దు చాలా తర్వాత వస్తుంది. నాకు మాత్రం ఈ పేజీయే ఇష్టం.

ఎందుకంటే ఇలాంటిది కళ్లారా చూశాను. మాది మొరం గ్రౌండు, రాయి తగిలితే బంతి మోకాలెత్తు లేచేది. కాలేజీ మొత్తానికి గోల్‌కీపర్ కిట్ ఒక్కటే. పొద్దున అబ్బాయిలు, సాయంత్రం మేము. పొద్దున వాడిన ప్యాడ్లు చెమటతో తడిసి, స్టోర్‌రూమ్‌లో మూటగా పడి ఉండేవి. మా గోల్‌కీపర్ ముక్కు మూసుకుని తొడుక్కునేది. కొన్నాళ్లకు అవి పొడిగా ఉండడం మొదలైంది. అబ్బాయిల గోల్‌కీపర్ మధ్యాహ్నం క్లాసుల మధ్యలో వచ్చి ప్యాడ్లు, గ్లౌజులు గోడ మీద ఆరేసి పోతున్నాడు. ఒకరోజు ఎదురుపడితే “ఎండకు పెట్టిన, తీస్కో” అన్నాడు. గంతే. డిగ్రీ అయిపోయేదాకా అంతకు మించి మాట లేదు. ఆమెకు ఉద్యోగం రావాలి, వాళ్ల అక్క పెళ్లి కావాలి. అవన్నీ అయ్యాకే ఇంట్లో మాట ఎత్తారు. ఇప్పుడు ఇద్దరూ జడ్చర్లలో ఉంటున్నారు. పాలమూరు వాళ్లకు స్లో బర్న్ కొత్తగా నేర్పనక్కర్లేదు.

నచ్చనివీ ఉన్నాయి. ఒక్క ఫోన్ చేస్తే తీరే అపార్థం మీద వంద పేజీలు నడిపే పుస్తకాలు నా వల్ల కాదు. హీరో ప్రతి మ్యాచ్‌లో కొట్లాడి మర్నాడు మళ్లీ ఆడేస్తుంటే, ఆ రచయితకు కాలేజీ హాకీ పట్టలేదనే అర్థం. అక్కడ కొట్లాడితే ఆ మ్యాచ్ నుంచి పంపేస్తారు, తర్వాతి మ్యాచ్ కూడా ఆడనివ్వరు. ముఖమంతా కప్పే జాలీయో షీల్డో కూడా తప్పనిసరి.

కొనేముందు ఉచితంగా దొరికే మొదటి అధ్యాయాలు చదవండి. అందులో ఆట, చదువు, ఇల్లు మూడూ కనిపిస్తే ముందుకు పోవచ్చు. ఇంకో మాట, వీటిలో చాలావాటి చివరి మూడో వంతులో పడకగది సన్నివేశాలు బాహాటంగానే ఉంటాయి. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలకు ఇవ్వాలనుకుంటే ముందు మీరు చదివి ఇవ్వండి.