మా అబ్బాయి ఐస్ హాకీ గోలీ అవుతానంటున్నాడు, చదువు మాటేమిటి?

ప్రశ్న: మేము కెనడాలో, మిస్సిసాగాలో ఉంటున్నాము. మా అబ్బాయికి పద్నాలుగేళ్లు, తొమ్మిదో గ్రేడ్. ఆరేళ్ల వయసు నుంచి ఐస్ హాకీ ఆడుతున్నాడు, నాలుగేళ్లుగా గోలీగా, అంటే గోల్ కాపాడేవాడిగా, నిలబడుతున్నాడు, ఇప్పుడు పిల్లల హాకీలో పై స్థాయి అయిన ట్రిపుల్ ఏ జట్టులో ఉన్నాడు. మంచి భవిష్యత్తు ఉందని కోచ్ అంటున్నారు. వాడేమో ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికాలోని అగ్రశ్రేణి హాకీ లీగ్) గోల్‌టెండర్ అవుతానని, చదువు తర్వాత చూసుకోవచ్చని అంటున్నాడు. మావారు వచ్చే ఏడాది నుంచి ఆట మాన్పించి లెక్కలు, సైన్సు మీద కూర్చోబెట్టాలంటున్నారు. గుంటూరు నుంచి మామగారు ఫోన్ చేసినప్పుడల్లా ఇదే చర్చ. ఖర్చు కూడా ఏటేటా పెరుగుతోంది. మమ్మల్ని ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా,

మీ ఉత్తరంలో రెండు భయాలు కనిపిస్తున్నాయి. ఆట మాన్పిస్తే బిడ్డ మనసు విరిగిపోతుందేమోనన్నది ఒకటి, ఆడనిస్తే చదువు చెడిపోతుందేమోనన్నది మరొకటి. నా అభిప్రాయం ముందే చెబుతాను. పన్నెండో గ్రేడ్ పూర్తయ్యేదాకా అతని చేత ఆట మాన్పించవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. అదే సమయంలో చదువు తర్వాత చూసుకోవచ్చన్న మాటకు ఒక్క సెమిస్టర్ కూడా చోటివ్వకూడదు. ఫార్వర్డ్‌గా, అంటే గోల్స్ కొట్టే వరుసలో, ఆడే కుర్రవాడి గురించి అడిగి ఉంటే నేను ఇంత నిబ్బరంగా చెప్పగలిగేవాడిని కాను. గోల్‌టెండర్ ఆట ఆలస్యంగా పండుతుంది. పాతికేళ్ల దాకా తేలని సంగతిని పద్నాలుగేళ్లకే తేల్చేయాలని తొందరపడిన కుటుంబాలు డబ్బూ పోగొట్టుకున్నాయి, పిల్లవాడి ఆరోగ్యాన్నీ పాడుచేసుకున్నాయి.

దారి ఎంత ఇరుకైనదో మీరు, మీవారు, అందరికన్నా ముఖ్యంగా మీ అబ్బాయి, ఒకసారి కూర్చుని లెక్క వేసి చూడండి. ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లున్నాయి. మ్యాచ్‌కు దిగే 20 మందిలో సాధారణంగా పన్నెండు మంది ఫార్వర్డ్‌లు, ఆరుగురు డిఫెన్స్ ఆటగాళ్లు, ఇద్దరు గోలీలు ఉంటారు. అంటే మొత్తం 64 స్థానాలు; వాటిలో ప్రధాన గోలీ స్థానాలు 32 మాత్రమే. వాటి కోసం కెనడా, అమెరికా, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా, చెక్ దేశాల కుర్రవాళ్లందరూ పోటీ పడతారు. దాని కింద అమెరికన్ హాకీ లీగ్‌లో మరో 32 జట్లు, ఆ కింద ఈసీహెచ్‌ఎల్ అనే మరో లీగ్, యూరప్‌లో స్వీడన్, ఫిన్లాండ్, స్విట్జర్లాండ్, జర్మనీ, చెక్ లీగులు ఉన్నాయి. ఈ స్థాయిల్లో ఆడేవారు కూడా ప్రొఫెషనల్ ఆటగాళ్లే, అదే వారి జీవనోపాధి. కాని ఆదాయంలో తేడా చాలా ఉంది. 2025-26 సీజన్‌లో ఎన్‌హెచ్‌ఎల్ కనీస జీతం 7,75,000 అమెరికన్ డాలర్లు. న్యూయార్క్ రేంజర్స్ గోలీ ఇగోర్ షెస్టర్కిన్ 2024 డిసెంబరులో ఎనిమిదేళ్లకు 9.2 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. ఈసీహెచ్‌ఎల్‌లో జీతం వారానికింత అని, సీజన్ నడిచినన్ని నెలలే ఇస్తారు. వేసవిలో వేరే పని వెతుక్కునేవారు అక్కడ ఎక్కువ. టీవీలో కనిపించే గోలీని చూసి ఈ వృత్తి ఆదాయాన్ని అంచనా వేయవద్దు. ఈ ఆటతో బతుకుతున్నవారిలో ఎక్కువమంది టీవీకి చాలా దూరంలో ఉన్నారు.

ఇక ఆలస్యంగా పండడం గురించి. జట్లు వంతులవారీగా యువ ఆటగాళ్లను ఎంచుకునే ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో గోలీని మొట్టమొదటి ఎంపికగా తీసుకోవడం 2003లో మార్క్ ఆంద్రే ఫ్లూరీ తర్వాత ఇంతవరకు జరగలేదు. జట్ల యాజమాన్యాలు గోలీలను పద్దెనిమిదేళ్లకు సరిగా అంచనా వేయలేవనడానికి రుజువులు కావలసినన్ని ఉన్నాయి. తర్వాత ఎన్‌హెచ్‌ఎల్‌లో మేటి గోలీలైన ఇద్దరిని చూడండి: హెన్రిక్ లుండ్‌క్విస్ట్‌ను 2000 డ్రాఫ్ట్‌లో 205వ ఎంపికగా తీసుకున్నారు. పెక్కా రినెను 2004లో 258వ ఎంపికగా తీసుకున్నారు. ఫ్లోరిడా పాంథర్స్‌కు 2024లోనూ, 2025లోనూ ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిపించిన సెర్గీ బోబ్రోవ్‌స్కీని డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోనేలేదు. టిమ్ థామస్ వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో ఆడి, ఫిన్లాండ్, స్వీడన్ లీగుల్లోనూ, అమెరికా చిన్న లీగుల్లోనూ ఏళ్లు గడిపి, ముప్పై దాటాక ఎన్‌హెచ్‌ఎల్‌లో నిలదొక్కుకున్నాడు. 2011లో బోస్టన్‌కు కప్ గెలిపించేనాటికి అతనికి 37 ఏళ్లు. విన్నిపెగ్ గోలీ కానర్ హెలెబక్ మిషిగన్‌లో హైస్కూలు జట్టుకు ఆడి, టెక్సస్‌లోని ఒడెస్సాలో ఒక జూనియర్ జట్టులో చేరి, 2012 డ్రాఫ్ట్‌లో 130వ ఎంపికై, మసాచుసెట్స్ లోవెల్ విశ్వవిద్యాలయంలో రెండేళ్లు ఆడాడు. 2025లో అతనికి లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ దక్కింది.

దీనికి కారణం ఆటలోనే ఉంది. గోలీ కాపాడే నెట్ వెడల్పు ఆరడుగులు, ఎత్తు నాలుగడుగులు. గంటకు 150 కిలోమీటర్లకు పైబడిన వేగంతో వచ్చే పక్‌ను (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లను) కన్ను చూసి చెయ్యి ఆపడమన్నది చాలాసార్లు సాధ్యం కాదు; షాట్ కొట్టబోయేవాడి భుజం, కర్ర మొన తిరిగిన తీరు, ఎదురుగా ఖాళీగా ఉన్న రెండో ఆటగాడు, వీటిని చదివి ముందే సరైన చోట నిలబడడమే ఆపడం. ఆ చదవడం వేల షాట్ల అనుభవంతో తప్ప రాదు. పైగా పద్నాలుగేళ్లకు ఎత్తు పూర్తిగా తెలియదు. నేటి ఎన్‌హెచ్‌ఎల్ గోలీలలో ఎక్కువమంది ఆరడుగుల రెండంగుళాలు దాటినవారే. జూసే సారోస్ వంటి ఆరడుగుల లోపువారు అరుదు. అందువల్ల కోచ్‌గారి మాటను కొట్టిపారేయనూ వద్దు, దాని మీద ఇల్లు తాకట్టు పెట్టనూ వద్దు.

మీ అబ్బాయి ముందున్న మొదటి మెట్టు పదో గ్రేడ్ సీజన్ తర్వాత వచ్చే ఒంటారియో హాకీ లీగ్ (కుర్రవాళ్ల జూనియర్ లీగ్) ఎంపిక. అందులో 20 జట్లున్నాయి, ఒక్కో జట్టు మామూలుగా ఇద్దరు గోలీలనే ఉంచుకుంటుంది, ఆ ఇద్దరిలో పెద్దవాడు పంతొమ్మిదేళ్లవాడు కావచ్చు. కాబట్టి ఆ రోజు అతని పేరు పిలవకపోతే ఇంట్లో ఎవరూ దాన్ని పరీక్ష తప్పినట్టు చూడకూడదు. దానికి ఒక మెట్టు కిందనున్న జూనియర్ ‘ఏ’ స్థాయి జట్లలో ఆడుతూ ఎదిగే దారి తెరిచే ఉంటుంది.

ఇక్కడ ఒక మార్పు మీకు బాగా మేలు చేస్తుంది. అమెరికా విశ్వవిద్యాలయాల క్రీడాసంఘమైన ఎన్‌సీఏఏ, కెనడియన్ హాకీ లీగ్ జట్లను చాలాకాలం ప్రొఫెషనల్ జట్లుగా లెక్కించేది. అందులో భాగమైన ఒంటారియో లీగ్‌లో ఆడిన కుర్రవాడికి అమెరికా కళాశాల హాకీ తలుపులు మూసుకుపోయేవి. అందుకే పదిహేను, పదహారేళ్ల పిల్లలు ఏదో ఒక దారిని వదులుకోవలసి వచ్చేది. 2024 నవంబరులో ఆ నిబంధన మార్చారు. 2025 ఆగస్టు 1 నుంచి ఆ లీగుల ఆటగాళ్లు కూడా ఎన్‌సీఏఏ మొదటి డివిజన్‌లో ఆడవచ్చు. అక్కడ పురుషుల హాకీ జట్లు అరవైకి పైగా ఉన్నాయి. కెనడా విశ్వవిద్యాలయాల లీగ్ ఎలాగూ ఉంది. ఒంటారియో లీగ్‌లో ఆడినవారికి, ఆడిన సీజన్ల లెక్కన కళాశాల చదువు ఖర్చు భరించే ఉపకార వేతన ప్యాకేజీ కూడా ఉంటుంది. అయితే అందులో ఏయే ఖర్చులు వస్తాయి, ఎప్పటిలోగా వాడుకోవాలి, ప్రొఫెషనల్ ఒప్పందం మీద సంతకం చేస్తే ఏమవుతుంది అన్నవి సంతకం పెట్టేముందే ఒక న్యాయవాది చేత చదివించుకోండి. నోటిమాటగా ఇచ్చిన హామీని హామీగా తీసుకోవద్దు.

చదువు తర్వాత చూసుకుంటానన్న మాట మీ అబ్బాయి కలకే ఎలా అడ్డమో అతనికి మీరు ఇప్పుడు చూపించవచ్చు. ఎన్‌సీఏఏ మొదటి డివిజన్‌లో చేరాలంటే హైస్కూలులో 16 కోర్ కోర్సులు (ఎన్‌సీఏఏ ఆమోదించిన ముఖ్య సబ్జెక్టులు) పూర్తిచేసి, వాటిలో సగటున 2.3 గ్రేడ్ పాయింట్ తెచ్చుకోవాలి. అందులో పది కోర్సులు చివరి సంవత్సరం మొదలయ్యేలోపే పూర్తి కావాలి, ఆ పదిలో ఏడు ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు సబ్జెక్టులై ఉండాలి. తొమ్మిదో గ్రేడ్ మార్కులు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. అంటే గడియారం మీ ఇంట్లో ఈ సెప్టెంబరులోనే నడవడం మొదలుపెట్టింది. మీవారు చెబుతున్న లెక్కలు, సైన్సు గోలీ కావడానికి కూడా కావలసినవేనన్నమాట. ఈ ఒక్క సంగతితో తండ్రీకొడుకులు ఒకే పక్షానికి వస్తారని నాకు గట్టి నమ్మకం.

మామగారికి చెప్పడానికి ఒక పేరు ఇస్తాను: గోలీ కెన్ డ్రైడెన్. బోస్టన్ 1964లో అతన్ని డ్రాఫ్ట్‌లో తీసుకుంది, కాని అతను కోర్నెల్ విశ్వవిద్యాలయానికి వెళ్లి డిగ్రీ పూర్తిచేశాడు. ఆ తర్వాత మాంట్రియాల్‌లోని మెక్‌గిల్‌లో న్యాయశాస్త్రం చదువుతూనే 1971లో మాంట్రియాల్ కెనేడియన్స్ తరఫున స్టాన్లీ కప్ గెలిచాడు. 1973-74 సీజన్ మొత్తం ఆట పక్కనపెట్టి టొరంటోలో ఒక న్యాయవాదుల సంస్థలో శిక్షణ పూర్తిచేసుకున్నాడు. తిరిగి వచ్చి మరిన్ని కప్పులు గెలిచి, మొత్తం ఆరింటితో 31 ఏళ్లకే విరమించాడు. తర్వాత పార్లమెంటు సభ్యుడై, కేంద్ర మంత్రిగా పనిచేసి, 2025 సెప్టెంబరులో మరణించాడు. ఈ రోజుల్లో సీజన్ మధ్యలో న్యాయశాస్త్రం చదవడం కుదరకపోవచ్చు. కాని ఇరవై దాటేదాకా గోలీ ఆట, డిగ్రీ ఒకే ప్రాంగణంలో పక్కపక్కనే సాగడం నేటికీ మామూలే, ఇందాక చెప్పిన హెలెబక్ దానికి ఉదాహరణ.

నన్ను నిజంగా కలవరపెట్టేది అతని తుంటి కీళ్ల సంగతి. నేటి గోలీలు దాదాపు అందరూ బటర్‌ఫ్లై పద్ధతిలో ఆడతారు: రెండు మోకాళ్లూ మంచు మీదకు వాల్చి, పాదాలు బయటికి తిప్పి, ప్యాడ్లతో నెట్ కింది భాగాన్ని మూసేస్తారు. ఒక ప్రాక్టీసులోనే ఇలా వందలసార్లు చేస్తారు. తొడ ఎముక లోపలివైపు మళ్లే ఆ కదలిక వల్ల కీలు అంచుల్లో రాపిడి ఏర్పడుతుంది; ఎముకలు ఇంకా ఎదుగుతున్న వయసులో ఆ రాపిడి ఎముక ఆకారాన్నే మార్చగలదు, కీలు చుట్టూ ఉండే మెత్తటి పొర చిరగవచ్చు. గోలీలలో తుంటి శస్త్రచికిత్సలు ఎక్కువ కావడానికి ఇదొక ముఖ్య కారణం. గజ్జల దగ్గర నొప్పి ఉందని పిల్లవాడు అంటే సాగదీస్తే తగ్గుతుందిలే అనకండి, క్రీడావైద్యుడికి చూపించండి. వేసవిలో కనీసం రెండు నెలలు గోలీ ప్యాడ్లు కట్టనివ్వకండి. టెన్నిస్, క్రికెట్, ఈత, ఏదైనా ఆడనివ్వండి. ఏడాది పొడవునా శిబిరాలు నడిపేవారికి ఈ మాట నచ్చదు, అయినా మీరు పట్టుబట్టండి. మెడకు రక్షణపట్టీ ఇక్కడి పిల్లల హాకీలో తప్పనిసరి. దాన్ని వదులుగా కట్టుకునే అలవాటు కుర్రవాళ్లలో ఉంది, గమనించండి.

మనసు విషయం కూడా చెప్పాలి. ఫార్వర్డ్ తప్పు చేస్తే వెనుక మరో ఐదుగురున్నారు. గోలీ తప్పు చేస్తే వెనుక ఎర్ర దీపం వెలుగుతుంది, రింక్ మొత్తం చూస్తుంది. పైగా జట్టులో రెండో గోలీ వారాల తరబడి బెంచీ మీద కూర్చుని, మొదటివాడు గాయపడిన రాత్రి హఠాత్తుగా దిగవలసి ఉంటుంది. లాత్వియా గోలీ ఆర్తుర్స్ శిలోవ్స్‌ను చూడండి: 2019లో 156వ ఎంపిక, 2023 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో తన దేశానికి కాంస్యం తెచ్చి అత్యుత్తమ ఆటగాడయ్యాడు, అయినా ఎన్‌హెచ్‌ఎల్‌కూ కింది లీగ్‌కూ మధ్య తిరుగుతూనే ఉండి, 2025లో కింది లీగ్‌లో అబాట్స్‌ఫర్డ్ జట్టుకు కాల్డర్ కప్ గెలిపించాడు, ఆ వేసవిలోనే మరో జట్టుకు బదిలీ అయ్యాడు. మీ అబ్బాయి ఓడిన రాత్రి కారులో ఎలా ఉంటాడో, ఆడే అవకాశం రాని వారం ప్రాక్టీసుకు ఎలా వెళతాడో మీకు తెలుసు. అతని సేవ్ పర్సెంటేజీ (ఆపిన షాట్ల శాతం) కన్నా నేను దాన్నే ఎక్కువగా లెక్కలోకి తీసుకుంటాను. ఇంటికి వచ్చే దారిలో ఏ గోల్ ఎలా పడిందని దయచేసి ఎవరూ అడగవద్దు.

ఖర్చుకు ఒక హద్దు గీయండి. ట్రిపుల్ ఏ ఫీజు, ప్రయాణాలు, గోలీ సామగ్రి, ప్రత్యేక కోచింగ్ కలిస్తే ఏడాదికి వేల డాలర్లు అవుతాయని మీకు నేను చెప్పనక్కరలేదు. ఎదిగే పిల్లవాడికి ప్యాడ్లు, బ్లాకర్, గ్లవ్ వాడినవి కొనడంలో నామోషీ లేదు. శిరస్త్రాణం మాత్రం కొత్తదే కొనండి. మంచి గోలీ కోచ్‌తో వారానికి ఒక్క పాఠం చాలు. అప్పు చేసి, లేదా చదువు కోసం దాచిన సొమ్ము తీసి, ఆటలో పెట్టవద్దు. ఫలానా షోకేస్ టోర్నమెంటుకు రాకపోతే అవకాశం పోతుందని ఎవరైనా ఒత్తిడి చేస్తే, ఇందాక చెప్పిన 205, 258 అంకెలు గుర్తుచేసుకోండి.

ఆటగాడిగా పైకి వెళ్లకపోయినా ఈ రంగంలో పని ఉంది. మీ ఊరు మిస్సిసాగాలోనే పుట్టిన మానీ మల్హోత్రా, పంజాబీ తండ్రి కుమారుడు, 1998లో ఏడవ ఎంపికై ఎన్‌హెచ్‌ఎల్‌లో చాలా సీజన్లు ఆడి, తర్వాత కోచ్ అయ్యాడు. అబాట్స్‌ఫర్డ్ 2025లో కప్ గెలిచింది అతని శిక్షణలోనే. గోలీ కోచ్ లేని ఎన్‌హెచ్‌ఎల్ జట్టు నేడు లేదు. కినిసియాలజీ (శరీర కదలికల శాస్త్రం), ఫిజియోథెరపీ, క్రీడా గణాంక విశ్లేషణ చదివినవారికి జట్లలో ఉద్యోగాలున్నాయి, వాటిలో మంచు మీద నిలబడిన అనుభవం అదనపు అర్హత. మీ అబ్బాయి లెక్కల్లో బాగుంటే విశ్లేషణ వైపు అతన్ని ఇప్పటి నుంచే చూడనివ్వండి.

ఈ నెలలో మూడు పనులు చేయండి. స్కూలు గైడెన్స్ కౌన్సెలర్‌ను మీ అబ్బాయితో కలిసి చూసి, పదో గ్రేడ్‌కు ఎంచుకునే సబ్జెక్టులు ఎన్‌సీఏఏ ఆమోదించిన కోర్ కోర్సుల కిందకు వస్తాయో లేదో సరిచూసుకోండి. నొప్పి ఉన్నా లేకపోయినా తుంటి కీళ్ల కదలికను ఒకసారి వైద్యుడి చేత పరీక్ష చేయించండి. కోచ్‌గారిని ఒంటరిగా కలిసి, భవిష్యత్తు ఉందంటే ఏ స్థాయిలో ఉందని, జూనియర్ ఏనా, కళాశాల హాకీనా, ఒంటారియో లీగా అని, ఏ లోపాలు సరిదిద్దుకోవాలని సూటిగా అడగండి. ఆయన జవాబు, అబ్బాయి రిపోర్టు కార్డు పక్కపక్కన పెట్టుకుని మీరు ముగ్గురూ మాట్లాడుకోండి; ప్రతి వేసవిలో, కొత్త సీజన్‌కు సంతకం పెట్టేముందు, ఆ మాటలు మళ్లీ జరగాలి.