కాడ్ చేపలో ఎమ్‌హెచ్‌సీ-2 జన్యువు ఎందుకు దొరకడం లేదు?

తిరుపతి విశ్వవిద్యాలయంలో ప్రాజెక్టు చేస్తున్నానని, అట్లాంటిక్ కాడ్ జన్యుపటంలో ఎంత వెతికినా, రోగక్రిముల ముక్కలను రోగనిరోధక కణాలకు చూపించడానికి తోడ్పడే ఎమ్‌హెచ్‌సీ-2 జన్యువు దొరకడం లేదని రాశారు. కంగారు పడకండి, ఆ చేపకు ఆ జన్యువే లేదు! 2011లో నార్వే శాస్త్రవేత్తలు దాని జన్యుపటాన్ని ప్రచురించినప్పుడే ఇది తేలింది. దానితో కలిసి పనిచేసే సీడీ4 అనే రోగనిరోధక జన్యువు కూడా పోయింది. అయినా కాడ్ రోగాలకు లొంగిపోలేదు. రోగనిరోధక వ్యవస్థలోనే మరో రకమైన ఎమ్‌హెచ్‌సీ-1 జన్యువులు దానిలో దాదాపు వందకు పెరిగాయి. పరిణామంలో నన్ను ఇంతగా ఆశ్చర్యపరిచిన సంగతి మరొకటి లేదు.

గైడుగారికి చూపే ముందు అదే ప్రోటీన్ వరుసతో, ఎమ్‌హెచ్‌సీ-2 ఉన్న జీబ్రా చేపలో వెతకండి. అక్కడ తగిలితే మీ పద్ధతి సరైనదే. పోలికకు మన చేపల మార్కెట్లో దొరికే శీలావతిని తీసుకోండి, అది జీబ్రా చేపకు బంధువు. హాడాక్ మాత్రం వద్దు, అదీ కాడ్ వంశమే.