మా టీమ్ మూడు చోట్ల ఉంది, దీని మీద పరిశోధన చేయొచ్చా?

ప్రశ్న: మేడమ్ గారూ, తిరుపతిలో ఎంసీఏ చదివి, మూడేళ్ళుగా బంగారుపాళ్యం దగ్గర మా ఊరి నుంచే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి పనిచేస్తున్నాను. టీమ్‌లో కొందరు బెంగళూరులో, కొందరు పుణెలో ఉంటారు, మేనేజరు అమెరికాలో. ఎవరి పని ఎంతవరకు వచ్చిందో నింపడానికి ఒక టూల్ ఇచ్చారు. ఎవరూ సరిగ్గా నింపరు, పనంతా వాట్సాప్‌లోనే నడుస్తుంది. ఎందుకిలా జరుగుతోందని పరిశోధించే ఉద్యోగాలు ఉంటాయా? లెక్కలు బాగా రావాలా? మా నాయన మామిడి రైతు. ‘ఉండే ఉద్యోగం ఇడిసిపెట్టి మళ్ళా చదువేందిమ్మా’ అంటా ఉండాడు.
– ఒక పాఠకురాలు, చిత్తూరు జిల్లా

జవాబు: ఉంటాయమ్మా. రిటైరై తిరుపతి చేరేదాకా నేను తిన్నది ఆ జీతమే. ఈ రంగాన్ని సీఎస్‌సీడబ్ల్యూ (కంప్యూటర్ సపోర్టెడ్ కోఆపరేటివ్ వర్క్) అంటారు. నలుగురు కలిసి చేసే పనికి కంప్యూటర్ ఎక్కడ తోడవుతుంది, ఎక్కడ అడ్డం పడుతుంది అని చూసే చదువు. 1984లో ఐరీన్ గ్రీఫ్, పాల్ క్యాష్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక వర్క్‌షాపు కోసం పెట్టిన పేరది. నోరు తిరగదు, ఏం చేస్తాం.

నువ్వడిగినదానికి ఈ రంగంలోనే పరిశోధన చేసిన జొనాథన్ గ్రూడిన్ 1988లోనే జవాబు రాశాడు. ఆఫీసులో అందరూ తమ క్యాలెండర్లు కంప్యూటర్లో నింపితే మీటింగ్ పెట్టడం సులువు. ఎవరికి సులువు? పిలిచేవాడికి. నింపే చాకిరీ మాత్రం మిగతావాళ్ళది. మీ టూల్‌లో కూడా లాభం మేనేజరుకే కదా?

ఇది చదివి తలూపిన నేనే అదే తప్పు చేశాను. చిత్తూరు దగ్గర పాల సేకరణ కేంద్రాల కోసం మా ల్యాబ్ ఒక యాప్ చేసింది. ఏ ఊళ్ళో ఎన్ని లీటర్లు పోశారో దూరాన ఉన్న ఆఫీసుకు అప్పటికప్పుడు తెలియాలని. అంకెలు చక్కగా వచ్చేవి, కానీ అన్నీ రాత్రి ఎనిమిదింటికే. ఒక తెల్లవారుజామున పోయి కేంద్రంలో కూర్చుంటే అర్థమైంది. క్యాను దించాలి, శాంపిల్ తీయాలి, వెన్న శాతం చూడాలి, వెనక వరస కదలాలి. ఆ తడిచేతులతో ఫోన్ ఎవరు పట్టుకుంటారు? కేంద్రం చూసుకునే అతను నోటుబుక్కులో రాసుకుని, రాత్రి భోంచేశాక అన్నీ ఒక్కసారే యాప్‌లో కొట్టేవాడు. ‘మేడమ్, దీంతో నాకేం ఒరిగింది?’ అన్నాడు. ఆరు నెలల మా పనిని ఆ ఒక్క మాటతో తేల్చేశాడు.

కాబట్టి లెక్కల భయం వద్దు. సర్వే అంకెలకు స్టాటిస్టిక్స్ కాస్త కావాలి, అది నేర్చుకోవచ్చు. కుదురుగా కూర్చుని చూడటం, విన్నది విన్నట్టు రాసుకోవడం కష్టం. లూసీ సచ్‌మన్ ఆంత్రొపాలజిస్ట్. జిరాక్స్ ల్యాబ్‌లో ఉంటూ, ఫొటోకాపీ మెషిన్ ముందు జనం ఎలా తికమకపడుతున్నారో చూసి రాసి పేరు తెచ్చుకుంది.

ఇక దారి. ఎంసీఏ ఉంది కాబట్టి కంప్యూటర్ సైన్స్‌లో యూజీసీ నెట్ రాయొచ్చు. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్ళకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37,000, ఆపైన 42,000 రూపాయలు. నీ ఇప్పటి జీతం కన్నా తక్కువే కావచ్చు, ఆ సంగతి మీ నాయనకు ముందే చెప్పు. ఏర్పేడులో ఐఐటీ దగ్గరే కదా అని దూరం చూసి అప్లికేషన్ పెట్టొద్దు. గైడ్ ఈమధ్య రాసిన నాలుగైదు పేపర్లు చదువు. వాటిలో ఎక్కడా మనుషులు కనపడకపోతే ఆయన ఎంత గొప్పవాడైనా నీకు పనికిరాడు. పీహెచ్‌డీ లేకుండా కంపెనీల్లో యూజర్ రీసెర్చర్‌గా, అంటే వాడేవాళ్ళ ఇబ్బందులు పరిశీలించే ఉద్యోగంలో, చేరేవాళ్ళూ ఉన్నారు. బెంగళూరు మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వంటి చోట పీహెచ్‌డీకి ముందే రీసెర్చ్ ఫెలోగా తీసుకుంటారు.

కానీ ఇప్పుడే రాజీనామా ఇవ్వొద్దు. జూన్‌లో తోతాపురి కోత మొదలైనప్పుడు మీ నాయన ట్రాక్టర్ ఎక్కి, గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర వరసలో ఒక రాత్రి ఉండు. రైతు, ర్యాంపు (కాయలు కొని పోగేసే చోటు), ఫ్యాక్టరీ: మూడు చోట్ల మనుషులు, ఒకటే సరుకు. ఎవరు ఎవరికి ఫోన్ చేస్తున్నారు, ఏది చీటీ మీద రాస్తున్నారు, ఏది నోటిమాటగానే పోతోంది, అన్నీ రాసుకో. అడిగి రాసుకో, పేర్లు వద్దు. ఆ పేజీలు నాకు పంపితే తప్పకుండా చదువుతాను, అక్షరాలు కోడిగీతలైనా సరే.