ఆ చారలకు నువ్వెవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు

ప్రశ్న: నాకు 14 ఏళ్లు. గాజువాకలో ఉంటాం. ఏడాదిన్నరలో నాలుగంగుళాలు పొడవు పెరిగాను. తొడల మీద, నడుం పక్కల ఎర్రగా చారలొచ్చాయి. షార్ట్స్ వేసుకోవాల్సి వస్తుందని వాలీబాల్ మానేశాను. మొన్న అక్క పెళ్లికి లంగా ఓణీ కట్టుకుంటుంటే పెద్దమ్మ చూసి, ‘ఇవి పిల్లల తల్లులకు కదే వస్తాయి, నీకేంటి?’ అంది. గదిలో అందరూ నవ్వారు. తొడల్లో దురదకు మందుల షాపులో ఇచ్చిన క్రీమ్ రెండు నెలలుగా రాస్తున్నాను, చారలకూ అదే. అమ్మకు చెప్పలేదు. ఇవి పోతాయా?

జవాబు: తల్లీ, ముందు మీ పెద్దమ్మ మాట సంగతి. కడుపుతో ఉన్నవాళ్లకి పొట్ట మీద ఇలాంటివి వస్తాయి, నిజమే. ఎదిగే పిల్లలకూ వస్తాయి. చర్మం లోపలి పొరలో కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే పోగులుంటాయి. కొద్ది నెలల్లోనే ఒళ్లు గబగబా పెరిగితే అవి ఆ వేగాన్ని అందుకోలేక అక్కడక్కడ తెగుతాయి. అదే చార. మగపిల్లలకూ వస్తాయి, ఎక్కువగా నడుం వెనక అడ్డంగా. వాళ్లనెవరూ ఈ మాట అనరు. ఆడపిల్లనే అంటారు, అదీ నలుగురిలో. చదువుతుంటే నాకు కోపం వచ్చింది.

చారలకన్నా నన్ను కలవరపెట్టింది ఆ క్రీమ్. మన విశాఖ ఉక్కపోతలో, చెమటతో, బిగుతు బట్టల్లో రోజంతా ఉంటే తొడల సందుల్లో తామర రావడం చాలా మామూలు. నీది తామరేనని చూడకుండా చెప్పలేను. కానీ డాక్టర్‌కి చూపించడానికి సిగ్గుపడి షాపులో అడిగితే, చాలాసార్లు ఇచ్చేది స్టెరాయిడ్ కలిసిన ట్యూబే. రెండ్రోజుల్లో దురద తగ్గేసరికి మంచి మందే అనిపిస్తుంది. తామర మాత్రం పాకుతూనే ఉంటుంది. పైగా స్టెరాయిడ్ చర్మాన్ని పలచన చేస్తుంది. తొడ సందుల్లో చర్మం అసలే పలచన, మందు ఎక్కువగా ఇంకుతుంది. వారాల తరబడి రాస్తే దానివల్లే కొత్త చారలు పుడతాయి. ట్యూబు మీది సన్న అక్షరాల్లో క్లోబెటాసోల్, బీటామెథాసోన్, మొమెటాసోన్ అన్న పేర్లలో ఏదైనా ఉందేమో చూడు. ఉన్నా లేకపోయినా చారల మీద ఇక రాయకు. ఇంకో ట్యూబు కొనకు. ఉన్నదాన్ని పారేయకుండా ఈ వారంలోనే చర్మ డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్లు. విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో చర్మవ్యాధుల విభాగం ఉంది. లేడీ డాక్టర్ చూస్తే బాగుంటుందని అడగడంలో తప్పులేదు.

పోతాయా అన్నావు. పూర్తిగా చెరిగిపోవు, నీకు అబద్ధం చెప్పను. ఎరుపు కొత్తవాటికే ఉంటుంది. కాలం గడిచేకొద్దీ అది దిగి, తెల్లబడి, దగ్గరగా చూస్తే తప్ప కనిపించనంతగా కలిసిపోతాయి. కొబ్బరినూనె రాస్తే చర్మం మెత్తబడుతుంది, అంతకుమించి ఆశ పెట్టుకోకు. లేజర్ లాంటివాటికి ఇప్పుడు డబ్బు తగలెయ్యొద్దు. చారలు బాగా వెడల్పుగా, ముదురు ఊదా రంగులో ఉండి, ముఖం గుండ్రంగా ఉబ్బడం, నీరసం, నెలసరి తప్పడం కూడా ఉంటే మాత్రం డాక్టర్‌కి తప్పక చెప్పు. హార్మోన్ పరీక్షలు అవసరం కావచ్చు.

ఇక అమ్మ. ఈ రాత్రి వంటింట్లో ఒక్కతే ఉన్నప్పుడు, ‘అమ్మా, తొడల్లో దురదగా ఉంది, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లవా’ అని మొదలుపెట్టు. చారల మాట దాని వెనకే వస్తుంది. అమ్మ తన పొట్ట మీది చారలు చూపించినా ఆశ్చర్యపోకు. పెద్దమ్మతో మాట్లాడాల్సింది కూడా అమ్మే, నువ్వు కాదు. ఈ జవాబు అమ్మకి చూపించు.

సోమవారం వాలీబాల్‌కి వెళ్లు. వదులుగా ఉండే ట్రాక్ ప్యాంటు వేసుకుంటానని పీఈటీ మేడమ్‌ని అడుగు. షార్ట్స్ సంగతి నీకు మనసైనప్పుడు చూసుకోవచ్చు. ఆట అవగానే స్నానం చేసి, తొడల సందుల్లో తడి లేకుండా తుడుచుకో. నీ తువ్వాలు ఇంకెవరినీ వాడనివ్వకు.