గోడకు టచ్‌స్క్రీను పెట్టుకోవాలనుకునేవారికి

డాలస్ శివార్లలో ఈ మధ్యనే ఇల్లు కొనుక్కున్న ఒక యువజంట మా ఇంటికి భోజనానికి వచ్చి, వంటింటికీ గరాజ్ తలుపుకీ మధ్య గోడకున్న, ఇంటి దీపాలనూ ఉష్ణోగ్రతనూ అదుపుచేసే పది అంగుళాల తెరను చూసి ఎక్కడ కొన్నారని అడిగారు. కొన్నది కాదు, నేనే అమర్చుకున్నానని చెప్పిన తరువాత మాకూ ఒకటి కావాలన్నారు. అప్పుడు వారికి చెప్పిన సంగతులనే, కొత్తగా ఈ దేశానికి వచ్చిన మరికొందరికి పనికివస్తాయని ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆ తెర ఎవరి కోసమో తేల్చుకోవాలి. భార్యాభర్తలిద్దరూ రోజంతా ఫోను చేతిలో ఉంచుకునేవారైతే దీపాలకూ థర్మోస్టాట్‌కూ ఫోనే చాలు. గోడమీద తెర వట్టి అలంకారం. అసలు అవసరం తెలిసేది విజిటర్ వీసా మీద అమ్మానాన్నలు ఆరు నెలలకు వచ్చినప్పుడు. వారి ఫోనుకు ఇంట్లో వైఫై తప్ప వేరే దిక్కుండదు, ఒక్కో వస్తువుకు ఒక్కో యాప్, ఒక్కో పాస్‌వర్డ్ అంటే వారికి విసుగు. మనం ఆఫీసుకు వెళ్ళిన తరువాత చలి వేస్తున్నా థర్మోస్టాట్ ముట్టుకోవడానికి జంకి, శాలువా కప్పుకుని కూర్చుంటారు. మా నాన్నగారు అలా రెండు వారాలు కూర్చున్న సంగతి నాకు ఆయన నోటివెంట కాక మా అమ్మ ద్వారా తెలిసింది. ఆ వారాంతంలోనే ఈ పని మొదలుపెట్టాను.

అద్దె ఇంట్లో ఉన్నవారు గోడ కోయవద్దు. లీజులో గోడలకు మార్పులు చేయకూడదనే నిబంధన సాధారణంగా ఉంటుంది, ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో కోత పడుతుంది. అలాంటివారు టాబ్లెట్‌ను ఒక స్టాండులో పెట్టి కౌంటర్ మీద ఉంచితే సరిపోతుంది. గోడకే కావాలంటే తీసినప్పుడు రంగు ఊడని అంటింపు పట్టీలు దొరుకుతాయి, కాని పెట్టె మీద రాసిన బరువు పరిమితిని చదివి, టాబ్లెట్‌తో పాటు ఫ్రేము బరువు కూడా లెక్కలోకి తీసుకోవాలి.

సొంత ఇల్లున్నవారికి మూడు దారులున్నాయి. మొదటిది ఆండ్రాయిడ్ టాబ్లెట్. థాంక్స్‌గివింగ్ రోజుల్లో అమెజాన్ ఫైర్ వంటివి చాలా చవకగా వస్తాయి. రెండవది రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరుకు దాని టచ్ తెరను తగిలించడం. 2015లో వచ్చిన మొదటి అధికారిక తెర 800 × 480 చుక్కలది కాగా, 2024 నవంబరులో వచ్చిన రెండవ తరం తెర 720 × 1280 చుక్కలతో మరింత స్పష్టంగా ఉంటుంది. మూడవది స్విచ్ తీసేసి ఆ పెట్టెలోనే బిగించే మూడున్నర, నాలుగు అంగుళాల చిన్న పానెల్. ఈ మూడవ రకం నేరుగా 120 వోల్టుల కరెంటుతో పనిచేస్తుంది కాబట్టి, భద్రతా పరీక్షలో నెగ్గిందని తెలిపే యూఎల్ లేదా ఈటీఎల్ ముద్ర లేనిదాన్ని ఎంత చవకగా దొరికినా గోడలో పెట్టవద్దు. ఈ దేశంలో ఇళ్ళు కర్రతో కట్టినవి, పైగా అగ్నిప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సువారు అడిగే మొదటి ప్రశ్నలలో ఇలాంటివి ఉండవచ్చు. రాస్ప్‌బెర్రీ పైలో బ్యాటరీ లేకపోవడం పెద్ద సుగుణమే కాని, బ్రౌజరు కాస్త నెమ్మదిగా నడుస్తుంది, అప్పుడప్పుడు దానితో కుస్తీ పట్టవలసి వస్తుంది. కుస్తీ ఇష్టమైనవారు దాన్ని ఎంచుకోవచ్చు. మిగిలినవారికి టాబ్లెట్టే నా సలహా.

అయితే టాబ్లెట్‌లో ఉన్న చిక్కంతా బ్యాటరీతోనే. నా మొదటి టాబ్లెట్‌ను ఛార్జరుకు తగిలించి మరిచిపోయాను. ఏడాది తిరిగేసరికి ఫ్రేము ఒక పక్క పైకి లేచింది. స్క్రూ వదులైందనుకుని బిగించబోతే, లోపల బ్యాటరీ ఉబ్బి తెర అద్దాన్ని బయటికి తోస్తోందని అర్థమైంది. అది ఆ కంపెనీ తప్పు కాదు, నా తప్పే. లిథియం బ్యాటరీని ఎల్లవేళలా నూరు శాతం నిండుగా, అందులోనూ గాలి ఆడని ఫ్రేములో వెచ్చగా ఉంచితే దాని లోపలి రసాయనాలు విచ్ఛిన్నమై వాయువు పుడుతుంది. ఉబ్బిన బ్యాటరీని నొక్కడం, గుచ్చడం, ఇంటి చెత్తడబ్బాలో పడేయడం ఎంతమాత్రం చేయకూడదు. దాన్ని మీ ఊరి ప్రమాదకర వ్యర్థాల సేకరణ కేంద్రానికి ఇవ్వాలి.

దీనికి విరుగుడు కష్టమేమీ కాదు. ఫుల్లీ కియోస్క్ అనే బ్రౌజరు టాబ్లెట్‌లో ఎంత ఛార్జి ఉందో, ఇంటి పరికరాలన్నిటినీ కలిపి నడిపే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేరుకు తెలియజేస్తుంది. ఛార్జరును ఒక స్మార్ట్ ప్లగ్‌కు పెట్టి, ముప్ఫై శాతానికి తగ్గినప్పుడు ప్లగ్ వెలగాలని, డెబ్బైకి చేరినప్పుడు ఆరిపోవాలని రెండు నియమాలు రాసుకుంటే చాలు. కొన్ని సామ్‌సంగ్ టాబ్లెట్లలో ఛార్జిని ఎనభై శాతం దగ్గర ఆపే ఏర్పాటు సెట్టింగులలోనే ఉంటుంది. కొనేముందు అది ఉందో లేదో చూసుకోండి. ఫ్రేముకు పైనా కిందా గాలి పోయే సందులు ఉంచండి. నేను వాడుతున్న రెండవ టాబ్లెట్ ఈ పద్ధతిలో నాలుగేళ్ళుగా చదునుగానే ఉంది.

ఇక కరెంటు గోడలోంచి ఎలా తేవాలన్నది కొత్తవారు ఎక్కువగా పొరపడే చోటు. మన ఊళ్ళో ఇటుక గోడను చెక్కి పైపు వేసి వైరు లాగుతారు. ఇక్కడి గోడ అర అంగుళం మందం ఉన్న డ్రైవాల్ పలక, దాని వెనుక సాధారణంగా 16 అంగుళాలకొకటి చొప్పున నిలువు కర్రలు. నడుమ అంతా బోలు. ఆ బోలు చూసి, ఛార్జరు తీగను గోడలోంచి కిందికి వదిలి, కింద ఉన్న ఔట్‌లెట్‌లో గుచ్చుకుంటే పోతుందని అందరికీ అనిపిస్తుంది. గోడకు పెట్టిన టీవీల వెనుక కూడా చాలామంది చేసేది ఇదే. కాని మామూలు పవర్ తీగను గోడ లోపల దాచడాన్ని ఇక్కడి విద్యుత్ నియమావళి అనుమతించదు. గోడలో పోయే తక్కువ వోల్టేజి తీగకు కూడా అందుకు తగిన రేటింగ్ ఉండాలి, అది తీగ పైతొడుగు మీదే అచ్చువేసి ఉంటుంది. 120 వోల్టుల తీగనూ తక్కువ వోల్టేజి తీగనూ నడుమ అడ్డు లేకుండా ఒకే పెట్టెలో కలపకూడదు.

నాకు అన్నిటికన్నా నచ్చినది ఈథర్నెట్ తీగ మీదే కరెంటు పంపే పద్ధతి. దీన్ని ఇక్కడ అందరూ పీవోఈ అంటారు. ఇందులోని మొదటి ప్రమాణం ప్రకారం నెట్‌వర్క్ స్విచ్ దగ్గర 15.4 వాట్లు వేస్తే అవతలి చివర దాదాపు 13 వాట్లు అందుతాయి. చిన్న టాబ్లెట్‌కు కావలసినది పది వాట్లే. గోడలోంచి వచ్చేది ఒకే తీగ, దూరం వంద మీటర్లలోపు ఉంటే చాలు, చివర ఒక చిన్న అడాప్టరు దాన్ని యూఎస్‌బీగా మారుస్తుంది. అటకమీదినుంచి తీగను కిందికి దించేటప్పుడు బయటి గోడల జోలికి పోవద్దు, వాటినిండా ఇన్సులేషన్ కూరి ఉంటుంది. లోపలి గోడలలో కూడా కొన్నిచోట్ల మధ్యలో అడ్డకర్ర తగులుతుంది, కాబట్టి కోసేముందు గోడ వెనుక కర్రను పసిగట్టే స్టడ్ ఫైండర్‌తో నిలువుగా కూడా తడిమి చూడాలి. టెక్సస్ ఎండల్లో అటక ఎక్కే పని నవంబరుకు వాయిదా వేసుకోవడం మేలు. నేను జులైలో ఎక్కి పావుగంటలో దిగిపోయాను. కొత్త ఔట్‌లెట్ పెట్టాలంటే మాత్రం మీ ఊరి పర్మిట్ నిబంధనలు చూడండి, చేతకాకపోతే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఇక్కడ బ్రేకరు ఆపామన్న నమ్మకం సరిపోదు, టెస్టరుతో ముట్టి చూసిన తరువాతే చేయి పెట్టాలి.

తెర వెనుక ఆలోచించే బుర్ర హోమ్ అసిస్టెంట్. 2013లో మొదలైన ఈ ఉచిత సాఫ్ట్‌వేరు ఇంట్లోని చిన్న పెట్టెలోనే నడుస్తుంది. రాస్ప్‌బెర్రీ పై మీద వేసుకోవచ్చు, లేదా 2023లో 99 డాలర్లకు విడుదలైన హోమ్ అసిస్టెంట్ గ్రీన్ అనే సిద్ధపు పెట్టె కొనుక్కోవచ్చు. మెమరీ కార్డు మీద నడిపేవారు బ్యాకప్ వేరేచోట పెట్టుకోవాలి, కార్డులు చెప్పకుండా చనిపోతాయి. స్మార్ట్ స్విచ్‌లు కొనేముందు మాత్రం పాత స్విచ్ పెట్టె తెరిచి, కరెంటు తిరిగి వెళ్ళే న్యూట్రల్ తీగ ఉందో లేదో చూడండి. 2011 విద్యుత్ నియమావళి తరువాత కట్టిన ఇళ్ళలో అది సాధారణంగా ఉంటుంది. పాత ఇళ్ళలో లేకపోతే లూట్రాన్ కసేటా వంటి, న్యూట్రల్ అక్కరలేని డిమ్మర్లు వెతుక్కోవాలి.

ఇంతవరకు చెప్పినదంతా మగ్గం గుంట తవ్వడమే. తెరమీద ఏమి కనిపించాలన్నది అసలు నేత. ఇంజనీరు బుద్ధితో నేను మొదట నలభై బటన్లు, మూడు గ్రాఫులు పెట్టాను. మా అమ్మ దాన్ని చూసి కళ్ళద్దాలు తీసేసింది. ఇప్పుడున్నవి ఆరే బటన్లు, పెద్దవి, పేర్లన్నీ తెలుగులో: హాలు దీపాలు, వరండా దీపం, గరాజ్ తలుపు, చలిగా ఉంది, ఉక్కగా ఉంది, పడుకుంటున్నాం. హోమ్ అసిస్టెంట్‌లో బటన్ పేరు ఏ లిపిలోనైనా టైపు చేసుకోవచ్చు. ఆండ్రాయిడ్ టాబ్లెట్‌లో తెలుగు అక్షరాలు వాటంతటవే కనిపిస్తాయి. రాస్ప్‌బెర్రీ పైలో అక్షరాలకు బదులు గళ్ళు కనిపిస్తే తెలుగు ఫాంట్లు వేసుకోవాలి. పోతన, వేమన పేర్లతో ఉన్న ఫాంట్లు దాని సాఫ్ట్‌వేరుకు ఆధారమైన డెబియన్ భాండాగారంలోనే దొరుకుతాయి. 'చలిగా ఉంది' నొక్కితే ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు పెరుగుతుంది, అంతే. అంకె ఎంచుకోవలసిన పని లేదు. ఉష్ణోగ్రతను సెల్సియస్‌లో కూడా చూపించండి. 72 అంటే జ్వరమా అని అడిగిన మా నాన్నగారికి 22 అంటే వెంటనే తెలిసింది. పై మూలన విజయవాడ సమయం కూడా పెట్టాను, ఎందుకంటే టెక్సస్‌కు అది వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు ముందుంటుంది, ఈ లెక్క తప్పి అర్ధరాత్రి పెద్దమ్మను నిద్రలేపిన రోజులు మా ఇంట్లో ఉన్నాయి.

తెర అందరి చేతికీ అందుతుంది కాబట్టి కొన్ని జాగ్రత్తలు తప్పవు. దానికి నిర్వాహకుడి ఖాతా ఇవ్వకుండా వేరే మామూలు ఖాతా ఇవ్వండి. ముందు తలుపు తాళం తెరిచే బటన్‌ను పిన్ లేకుండా పెట్టవద్దు, పిల్లలూ పనివారూ ముట్టుకునే గోడ అది. ఊరినుంచి కూడా ఇల్లు చూసుకోవాలనే ఆశతో రౌటరులో హోమ్ అసిస్టెంట్ వాడే 8123 పోర్టును ప్రపంచానికి తెరిచిపెట్టకండి. బయటివారికి అందని రహస్య దారి వేసే టెయిల్‌స్కేల్, వైర్‌గార్డ్ వంటి వీపీఎన్ గాని, హోమ్ అసిస్టెంట్‌వారి నెలసరి చందా సేవ గాని వాడండి. కెమెరాతో కదలికను గుర్తించి తెరను మేల్కొలిపే సౌకర్యం బాగుంటుంది కాని, పడకగది వైపు చూసే గోడమీద కెమెరాకు టేపు అంటించడమే మర్యాద.

చోటు ఎంచుకునేటప్పుడు మన వంటిల్లు మన వంటిల్లేనని మరవకండి. పొయ్యికి రెండడుగుల్లో పెడితే నెల తిరగకుండా తెరమీద పోపు నూనె పొర కడుతుంది, పిండి చేతులకూ తడి చేతులకూ టచ్ సరిగా పలకదు. మాది పొయ్యికి దూరంగా, నేలనుంచి 54 అంగుళాల ఎత్తులో, మా అమ్మ చూపుకు తగ్గట్టు ఉంది. దసరాకు ఆమె పనిముట్లన్నిటితో పాటు దీనికీ కుంకుమ బొట్టు పెట్టింది. తడి బొట్టు అద్దం మీద పడేసరికి దీపాలు వాటంతటవే వెలిగి ఆరాయి, ఆ తరువాత నుంచి బొట్టు చెక్క ఫ్రేముకే.

ఇలాంటిదే ఊళ్ళో అమ్మానాన్నల ఇంటికి పట్టుకెళ్ళవచ్చా అని ఆ యువజంట చివరగా అడిగారు. టాబ్లెట్, హోమ్ అసిస్టెంట్ పెట్టె నిక్షేపంగా పట్టుకెళ్ళవచ్చు, వాటి ఛార్జర్లు సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి. అడాప్టరు మీద చదివి నిర్ధారించుకోండి. 120 వోల్టుల కోసం చేసిన స్విచ్‌లు, ప్లగ్‌లు మాత్రం మన 230 వోల్టులకు పనికిరావు. జడ్-వేవ్ అనే రేడియో పద్ధతిలో తీగ లేకుండా మాట్లాడుకునే పరికరాలు అసలే వద్దు; అమెరికాలో అవి 908 మెగాహెర్ట్జ్ దగ్గర మాట్లాడుకుంటాయి, మన దేశంలో కేటాయించినది 865 దగ్గర. అలాంటిదే అయిన జిగ్‌బీ అంతటా 2.4 గిగాహెర్ట్జ్ కాబట్టి, బ్యాటరీతో నడిచే జిగ్‌బీ సెన్సార్లు అక్కడా పనిచేస్తాయి. స్విచ్‌లకు బదులు మన స్విచ్‌బోర్డు వెనుక ఇమిడే చిన్న రిలే మాడ్యూళ్ళు అక్కడే కొనడం మంచిది. ఊళ్ళో కొత్త ఫ్లాటు కడుతున్నట్టయితే, ప్లాస్టరింగ్ కాకముందే ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడి, ప్రతి స్విచ్‌బోర్డులోకీ న్యూట్రల్ తీగ తెమ్మనండి, హాలు గోడలో నడుము ఎత్తుకు కాస్త పైన ఒక ఖాళీ పెట్టె, అక్కడినుంచి రౌటరు ఉండే చోటికి ఒక ఖాళీ పైపు వేయించండి.